పన్నెండు మంది పట్టే పుట్టి

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని పామిడి నుంచి కార్డు వచ్చింది. ఆమె తమ్ముడి కొడుకు రాశాడు. మూడు రోజులు జ్వరం కాసిందని, నాలుగో రోజు పొద్దున ప్రాణం పోయిందని, కర్మలన్నీ అయిపోయాయని, మీకు ఒక మాట తెలపమని ఆమె ముందే చెప్పి ఉన్నందున రాస్తున్నానని. ఆ కార్డు నా చేతికి వచ్చేసరికి ఆమె పోయి పద్దెనిమిది రోజులయింది. ఆ పద్దెనిమిది రోజులూ నేను ఆమె బతికే ఉందనుకుని వండుకున్నాను, తిన్నాను, పక్కింటివాళ్లతో నవ్వాను. పోయిందన్న మాట కన్నా అదే నన్ను ఎక్కువ కోసింది.

మా ఆయన మగ్గంలో ఉన్నాడు. "యాడనుంచి?" అన్నాడు తల ఎత్తకుండా. చెప్పాను. మగ్గం ఆగింది. "అయ్యో. మంచి మనిషి ఆయమ్మ" అన్నాడు. కాసేపటికి మళ్లీ మగ్గం చప్పుడు మొదలైంది. ఆయన్ను తప్పు పట్టను. చీర సగంలో ఉంది, పెళ్లివాళ్లు తొందరపెడుతున్నారు.

ఎవరికైనా చెప్పాలనిపించి వీధిలోకి వచ్చాను. ఆమె ఉన్న గదిలో ఇప్పుడు కుందుర్పి నుంచి వచ్చిన కుటుంబం ఉంటోంది. ఆమెతో కలిసి రాట్నం తిప్పినవాళ్లలో కొందరు పోయారు, కొందరు ఊళ్లు మారారు. మా అత్త పోయి రెండేళ్లయింది. చివరికి ఆ కుందుర్పి అమ్మాయికే చెప్పాను, "ఈ ఇంట్లో ముందుండిన పెద్దమ్మ పోయిందంట" అని. ఆ పిల్ల చేట పక్కన పెట్టి మర్యాదగానే అడిగింది: "ఎవరక్కా ఆమె? మీకేమవుతాది?"

ఏమీ కాదు అన్నాను. నిజమే, చుట్టరికం ఏమీ లేదు. లోపలికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. మా గడపకు సరిగ్గా ఎదురుగా పెద్దమ్మ ఉండే ఒక గది, ముందు చిన్న అరుగు. పెళ్లయిన రెండో ఏడే ఆమె భర్త పోయాడట. పామిడి నుంచి తమ్ముడు బండి కట్టుకుని వచ్చి పుట్టింటికి రమ్మన్నాడట. "ఆడికి వస్తే నాకు తిండి ఉంటాది. ఈడ నాకు పని ఉండాది" అని చెప్పి బండిని తిప్పి పంపిందట. అప్పటినుంచి ఆ గదిలో ఒక్కతే. పట్టు దారం కండెలకు చుట్టి మగ్గాల వాళ్లకు ఇవ్వడం ఆమె పని. ఆమె చుట్టిన కండె మగ్గంలో చిక్కు పడదని మా వీధిలో పేరు.

నేను కొత్తచెరువు నుంచి కోడలిగా వచ్చేసరికి నాకు పదిహేడేళ్లు. మొదటి నెలంతా ఏడుపే. ఎవరూ చూడకుండా పెరట్లో ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని. ఒకరోజు ఆమె అరుగు మీద కూర్చుని నన్ను పిలిచింది. "మీ ఊరి నీళ్లు తియ్యన గదా పాపా? ఈడివి చప్పన. నాలికకు నెల్లాళ్లలో అలవాటవుతాది. మనసుకు ఇంగొంచెం ఎక్కువ పడతాది. నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు సూడు" అని నవ్వింది. అప్పటికి ఆమె ఆ వీధికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

ఆమెకో అలవాటు ఉండేది. మధ్యాహ్నం తినేటప్పుడు తలుపు బార్లా తెరిచి, వీధి వైపు తిరిగి కూర్చునేది. మా దగ్గర అందరూ తలుపు దగ్గరకు వేసుకుని తింటారు. ఎవరి కళ్లయినా పడతాయని మా అత్త ఒకసారి అంటే, "పడనీలే. తలుపేసుకుంటే సంగటి గొంతు దిగదు నాకు" అంది. ఎండలో ఎవరు పోతున్నా "తిన్యారా?" అని అడిగేది. చాలామంది జవాబు చెప్పకుండానే పోయేవాళ్లు. ఆమె మళ్లీ రేపు అడిగేది.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. మా వీధి ఆడవాళ్లలో అక్షరాలు వచ్చిన దాన్ని నేనొక్కదాన్నే. పామిడికి తమ్ముడికి కార్డు రాయించుకోవడానికి ఆమె నా దగ్గరకు వచ్చేది. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. చెప్పినదాన్ని చెప్పినట్టే రాయాలి. నేను ఏదైనా సొంత మాట కలిపితే, చదివి వినిపించేటప్పుడు పట్టేసేది. "ఇది నా మాట కాదు, కొట్టెయ్" అనేది. నాకు రాత అబ్బింది అంటే ఆ కార్డుల వల్లే.

కార్డు అయిపోయాక కాసేపు పామిడి కబుర్లు చెప్పేది. వాళ్ల నాయన గుడ్డల వ్యాపారి. పెన్న పారే రోజుల్లో గుడ్డల మూటలతో పుట్టి ఎక్కి అవతలి ఒడ్డు సంతకు పోయేవాడు. చిన్నప్పుడు రెండుసార్లు ఈమెనూ వెంట తీసుకుపోయాడు. ఆ రెండుసార్ల సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. "నీళ్ల మీద కూచుంటే మన బరువు మనకు తెలీదు పాపా. ఎవురో ఎత్తుకున్నట్ల ఉంటాది" అనేది. మగ్గం గుంతల మధ్య, ఎండిన చెరువు పక్కన కూర్చుని ఆ మాట వింటుంటే నాకు అదేదో కథలా ఉండేది. నేను అప్పటిదాకా మోకాలి లోతు కన్నా ఎక్కువ నీళ్లలో దిగి ఎరగను.

నా పెళ్లయిన రెండో ఏడు, యాభైల చివర అనుకుంటాను, హస్త కార్తెలో పట్టిన వాన వారం రోజులు వదల్లేదు. చిత్రావతి ఏరు వచ్చింది. మా చెరువు నిండి, ఎక్కువ నీళ్లు పొర్లిపోయే మరవ పారింది. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా దాని అడుగున పశువులు మేసేవి. ఊరు ఊరంతా పనులు ఆపి కట్ట మీదికి నడిచింది. ముసలివాళ్లు కట్ట మీద నిలబడి నీళ్ల వైపు చేతులు జోడించారు.

నాలుగు రోజులకు తుంగభద్ర వైపు నుంచి ఒక సాయబు ఎద్దుల బండి మీద పుట్టి బోర్లించుకుని వచ్చాడు. వెదురు దబ్బలతో పెద్ద గంపలా అల్లి, అడుగున ఎనుము తోలు కప్పి, తారు పూసిన గుండ్రటి పడవ అది. ఏ చెరువు నిండిందని తెలిస్తే అక్కడికి తోలుకుని పోవడం ఆయన బతుకు. విడిగా ఎక్కేవాళ్లను ఒక చుట్టు తిప్పి దించేవాడు. కలిసి వచ్చినవాళ్లు పుట్టి మొత్తం మాట్లాడుకుంటే, ఒక పూటంతా వాళ్లకే. చెరువు నడుమ ఏనుగుగుండు అని ఒక పెద్ద బండ ఉంది. అక్కడ దించి, వాళ్లు తిని లేచేదాకా ఆగి, మళ్లీ తెచ్చేవాడు. పట్టు వ్యాపారులు మాట్లాడుకుని పోయారు. కచేరీ గుమాస్తాలు పోయారు. పాటలు పాడుకుంటూ పోయారు.

ఆ రోజు పెద్దమ్మ, నేను కట్ట మీద నిలబడి చూస్తున్నాం. "అందరూ మొగోళ్లే" అంది ఆమె. కొంగు బిగించింది. "మనం గూడ పోదాం" అంది. నేను నవ్వాను. ఆమె అప్పటికే కట్ట దిగుతోంది.

సాయబు ఒడ్డున తెడ్డు ఆరబెట్టుకుంటున్నాడు.

"ఏమప్పా, పూటకు మాట్లాడుకోవల్లంటే ఎట్ల?"

"ఎంతమంది తల్లీ?"

"మా వీధి ఆడోళ్లం. పదకొండు, పన్నెండు మంది."

"పన్నెండుకు మించితే ఎక్కించుకోను. చంటి బిడ్డలుంటే చెప్పండి, వాళ్లూ మనుషులే నాకు."

"మా పూట మాకే గదా? నడుమ ఇంగెవురినీ ఎక్కించుకోవు గదా?"

"మాట్లాడుకున్నంక అది మీ పుట్టే. కానీ అమ్మా, ఒక మాట. ఎక్కినంక నేను కూచోమంటే కూచోవల్ల, జరగమంటే జరగల్ల. నీళ్లలో నా మాటే మాట."

"నేను పెన్న ఒడ్డుదాన్ని సాయబూ. నాకు తెలుసు" అంది పెద్దమ్మ. ఆమె గొంతులో అంత ధీమా నేను అంతకు ముందు వినలేదు. అమావాస్య రోజు పొద్దున అని ఖాయం చేసుకుంది. మగ్గాల వాళ్లకు అమావాస్యే సెలవు, ఆ రోజు తప్ప మా ఆడవాళ్లకు తీరిక ఉండదు. కొంగుముడి విప్పి బయానా కూడా అక్కడే ఇచ్చేసింది.

ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "బాడిగ సంగతి నాది. మీరు వస్తే చాలు." ఆ వారం రోజులు మా వీధి వీధిలా లేదు. రాట్నాల దగ్గర అదే మాట. ఒకరు చిత్రాన్నం చేస్తామన్నారు, ఒకరు ఓళిగలు, ఒకరు చెనక్కాయల ఊరిమిండి నూరి తెస్తామన్నారు. మా అత్తే అందరికన్నా ముందు ఒప్పుకుంది. "సచ్చేలోపల ఒకసారి నీళ్ల మీద కూచుందాం పద" అంది. పెద్దమ్మ జొన్నరొట్టెలు తన వంతు అంది. ఆ రోజుల్లో ఆమె దారం చుడుతూ తనలో తాను నవ్వుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అమావాస్యకు ముందురోజు సాయంత్రం మా అత్త దీపం పెట్టి నా పక్కన కూర్చుంది. ఆమె చెడ్డ మనిషి కాదు, అది చెప్పాలి. అయినా ఆమె అన్న మాటలు ఇవి: "అమాస పూట నీళ్ల మీదికి పోతామా? అదీ తోలు పుట్టి. ముందు కాలు పెట్టేది ఎవురు? ఆయమ్మ. మొగుడు ల్యాని మనిషి ముందు నడిస్తే వెనకాల పసుపు కుంకుమలతో ఉండేటోళ్లం పోతామా? ఏమన్నా జరిగితే?" ఈ మాట ఆమెకు మాత్రమే తట్టిందో, అందరూ అప్పటికే అనుకున్నారో నాకు తెలియదు. ఆ సాయంత్రం ఇంటి నుంచి ఇంటికి ఏదో గుసగుస నడిచింది. పెద్దమ్మ గది ఒక్కటే దానికి దూరంగా ఉంది. అక్కడినుంచి రొట్టెలు తట్టే చప్పుడు వస్తూనే ఉంది.

పొద్దున ఆమె తలస్నానం చేసి, తెల్లటి ఉతికిన చీర కట్టుకుని, రొట్టెల మూట పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చారు.

"బిడ్డకు ఒళ్లు కాలతాండాది పెద్దమ్మా."

"అట్లనా. కషాయం ఇయ్యి."

"చుట్టాలు వస్తాండారంట, ఇప్పుడే కబురొచ్చినాది."

"అట్లనా. కానీలే."

కొందరు రాలేదు కూడా, తలుపులు దగ్గరకు వేసుకున్నారు. ఆమె ఆ తలుపుల వైపు చూసి మళ్లీ వీధి మొదలు వైపు చూసేది.

మా అత్త గడప దాటలేదు. "నేను రాలేనని నువ్వే పోయి చెప్పు" అంది నాతో. తర్వాత అంది: "నువ్వు పోవల్లంటే పో. నేను వద్దనను."

ఆ మాట నిజంగానే అంది. ఇన్నేళ్లలో నేను ఆ మాటను మరచిపోవాలని ఎంతో ప్రయత్నించాను. ఆమె నన్ను ఆపి ఉంటే నాకు ఒక సాకు ఉండేది.

వీధి దాటి పోయాను. "అత్త రాదంట పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు?"

అప్పుడు నాకు మూడో నెల. వెనక్కి తిరిగి చూశాను. మా అత్త గడపలో బియ్యం ఏరుతోంది, నా వైపు చూడటం కూడా లేదు. వీధిలో తలుపుల సందుల్లోంచి మాత్రం అందరూ చూస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది.

"కడుపులో తిప్పుతాండాది" అన్నాను.

అది అబద్ధం. ఆ పొద్దున నాకు ఏమీ లేదు.

ఆమె లేచి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "పోయి పండుకో పాపా. ఎండలో నిలబడొద్దు" అంది. రొట్టెల మూట చంకన పెట్టుకుని, తలుపు గొళ్లెం పెట్టి నడిచింది. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

ఇంట్లో ఉండలేకపోయాను. ఉతుకు బట్టలు నాలుగు మూట కట్టుకుని, మరవ దగ్గర ఉతుక్కొస్తానని చెప్పి కట్ట మీదికి పోయాను. అప్పటికే పుట్టి చాలా దూరం పోయింది. పన్నెండు మంది పట్టే పుట్టి. ఒక అంచున సాయబు నిలబడి తెడ్డు వేస్తున్నాడు. రెండో అంచున ఆమె. ఆమె పక్కన ఏవో నల్లగా కుప్పగా కనిపిస్తే ఎవరైనా కూడా వెళ్లారేమో అనుకున్నాను. కళ్లు చిట్లించి చూస్తే రాళ్లు. ఒక్క మనిషే ఎక్కితే పుట్టి ఒరుగుతుందని, మిగతావాళ్ల బరువుకు బదులు సాయబు రాళ్లు పేర్చాడు.

అంత నీళ్లలో అది తిరుగుతూ తిరుగుతూ పోయింది. ఏనుగుగుండు దగ్గర ఆగింది. మళ్లీ బయల్దేరింది. కట్ట మీద ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరో అడిగారు, "ఒకామె కోసం పుట్టి మాట్లాడుకున్యారా? ఎవురామె?" నేను ఉతకని బట్టలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పిలవాలనుకున్నాను. అంత దూరానికి వినపడదని నాకు నేను చెప్పుకున్నాను. ఒడ్డుకు వచ్చేసరికి నేను ఎదురుపోవచ్చు, పోలేదు. పుట్టి దగ్గరయ్యే ముందే ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఆమె ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు పంచింది. "మీకని చేసినా, ఇదో మీ పాలు" అని ప్రతి గడపలోనూ పెట్టింది. ఒక్క మాట తూలలేదు. బిడ్డకు జ్వరం ఎట్లుందని అడిగింది. చుట్టాలు వచ్చారా అని అడిగింది. అడగడంలో ఎత్తిపొడుపు ఉండి ఉంటే మాకు కాస్త తేలికయ్యేది. నిజంగానే అడిగింది. మా అత్త రొట్టెలు తీసుకుని పొయ్యి పక్కన పెట్టింది, ఎంతసేపటికీ ముట్టలేదు. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నది.

వారం తర్వాత మరవ దగ్గర సాయబు నన్ను ఆపి అడిగాడు. "అమ్మా, మీ వీధిలోనే గదా ఆయమ్మ ఉండేది? బాగుండాదా?"

బాగుందన్నాను.

"ఒక్కతే వచ్చింది. బయానా తిరిగిస్తాను, పోమ్మా అంటి. వద్దు సాయబూ, మాట్లాడుకున్నాం గదా, పోదాం అనింది. గుండు కాడ దిగి రొట్టె నాకు పెట్టింది, తాను తినలేదు. నడుమ నీళ్లలోకి పోయినంక తెడ్డు ఎత్తి పెట్టమనింది. ఎత్తినా. పుట్టి దానంతటది నిలబడిపోయింది. ఆయమ్మ కండ్లు మూసుకుని శానాసేపు కూచునింది. ఇన్నేండ్లలో ఇట్లాంటి బాడిగ నేను తోలలేదమ్మా. మీరంతా యాల రాలేదు?"

నేను బట్టల మూట ఎత్తుకుని వచ్చేశాను.

ఆ నెలలోనే ఆమె కార్డు రాయించుకోవడానికి వచ్చింది. చాప మీద కూర్చుని ఎప్పటిలాగే మొదలుపెట్టింది. అందరూ క్షేమం. వానలు బాగా పడినాయి. చెరువు నిండింది. నేను రాస్తున్నాను. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది: "అమాస నాడు మా వీధి ఆడోళ్లమంతా పుట్టి మాట్లాడుకుని చెరువులో పొయ్యొచ్చినాం. గుండు మీద కూచుని తిన్నాం. శానా బాగుండె."

కలం ఎత్తి ఆమె వైపు చూశాను.

"రాయి పాపా."

"పెద్దమ్మా..."

"చెప్పినట్ల రాయి. వానికి నేను ఈడ ఒక్కతే ఉండానని దిగులు. బాగుండానని తెలియల్ల."

రాశాను. 'అంతా' అన్న మాట రాసేటప్పుడు అక్షరాలు వంకర పోయాయి. ముగించి చదివి వినిపించాను. ఈసారి ఆమె ఏ మాటా కొట్టెయ్యమనలేదు.

కార్డు ఆమె చేతికి ఇచ్చేటప్పుడు నేను ఏడ్చేశాను. "ఆ పొద్దు నాకు కడుపులో ఏమీ తిప్పలేదు. అబద్ధం చెప్పినా" అన్నాను.

"తెలుసులే" అంది ఆమె. "కట్ట మీద నీ పచ్చచీర కనబడింది. అంత దూరం నుంచి మనిషి తెలీదు గానీ, నిలబడే తీరు తెలుస్తాది. సాయబు ఇంగ పోదామా అన్యాడు. మా పాప చూస్తాండాది, ఇంగొక సుట్టు తిప్పప్పా అంటి."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. నన్ను ఓదార్చాలన్న ప్రయత్నం కూడా లేదు. జరిగింది చెప్పింది, అంతే. కార్డు కొంగులో చుట్టుకుని రాట్నం దగ్గరకు పోయింది.

మరుసటి ఏడు సాయబు వచ్చాడు గానీ చెరువులో నడుము లోతు నీళ్లే. బండి తిప్పుకుని పోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత వానలు మా వైపు చూడలేదు. నా పెద్దకొడుకు పుట్టాడు, చిన్నది పుట్టింది. ఇద్దరికీ నీళ్లు పోసింది పెద్దమ్మే. పెద్దవాడు పాకుతూ పోయి ఆమె రాట్నం పట్టుకుని పీకితే దారం తెగేది. నేను వాణ్ణి కొట్టబోతే అడ్డం వచ్చి, "తెగింది తెగింది, తిడితే అతుక్కుంటాదా? ముడేసి పోదాం" అనేది. ఎన్నోసార్లు అనుకున్నాను, చెరువు మళ్లీ నిండితే పుట్టి నేనే మాట్లాడాలని, వీధిలో ఎవరు రాకపోయినా మేమిద్దరం పోవాలని. ఆమెతో అనలేదు. నిండని చెరువు గురించి మాట ఇవ్వడం ఏమిటని ఊరుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, మాటయినా చెప్పి ఉండాల్సింది.

అరవైల నడుమ కరువు బలంగా వచ్చింది. పట్టు దొరక్క మగ్గాలు మూలపడ్డాయి. కండెల పని పోయింది. అప్పటికే ఆమె కళ్లు మసకబారాయి. దారం వేలికి తెలుస్తుంది గానీ కంటికి ఆనదు అనేది. తమ్ముడి కొడుకు వచ్చాడు. ఈసారి ఆమె బండి తిప్పి పంపలేదు. ఒక ట్రంకు పెట్టె, రాట్నం, రెండు బిందెలు. మా అత్త వీధిలోకి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. బస్సు ఎక్కించడానికి నేను వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని, నేను ఏ వైపు నిలబడ్డానో సరిగా తెలియక, ఖాళీ వైపు తిరిగి "తిన్యావా పాపా?" అని అడిగింది. నేను పరుగెత్తి ఆ వైపుకు పోయి "తిన్యా" అన్నాను.

మా అత్త తన చివరి రోజుల్లో మంచాన పడి ఉండి ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది. నీళ్లు కావాలేమో అనుకున్నాను. "ఆ పొద్దు నేను పోయింటే అందరూ పోయిందురు" అంది. ఏ పొద్దు అని నేను అడగలేదు. ఆ మాట పెద్దమ్మకు కార్డు రాసి తెలిపాను. జవాబు ఆమె తమ్ముడి కొడుకు చేతి రాతలో వచ్చింది: "మీ అత్తను మంచిగా చూసుకో. కాళ్లు పట్టు. అప్పుడప్పుడు పక్కన ఊరికే కూచో."

ఆమె పోయిన కార్డు అందిన మూడో రోజు నేను పామిడి పోయాను. అందరూ ఎందుకన్నారు, అన్నీ అయిపోయాయి కదా అన్నారు. ఒక్కదాన్నే బస్సెక్కాను. తమ్ముడి కొడుకు, వాడి భార్య మర్యాదగా చూసుకున్నారు. మజ్జిగ ఇచ్చారు. ఆమె పడుకున్న మూల చూపించారు. ఆ మూలనుంచి వీధి వాకిలి కనిపిస్తుంది. "తినేటప్పుడు ఆ తలుపు ముయ్యనిచ్చేది కాదక్కా" అంది ఆ అమ్మాయి, కాస్త విసుగుగా, కాస్త నవ్వుతూ.

"బూడిద యాడ కలిపినారు?" అని అడిగాను.

వాడు నన్ను పెన్న దగ్గరకు తీసుకుపోయాడు. ఏరు కనుచూపు మేర ఇసుక. "నీళ్లు యాడుండాయక్కా. ఇసుకలో గుంత తోడినాం, రెండు మూరలకు ఊట వచ్చింది. ఆడే కలిపినాం" అన్నాడు. చోటు చూపించబోయి తడబడ్డాడు. "ఈడ... లేదు, కొంచెం అవతల అనుకుంటా." గాలికి ఇసుక కదిలి గుంతలన్నీ పూడిపోయాయి. తర్వాత వాడు పని ఉందని వెళ్లాడు. నేను ఆగిపోయాను.

చెప్పులు విప్పి ఇసుకలో నడిచాను. కాళ్లు కాలుతున్నాయి. ఆమెను వాళ్ల నాయన పుట్టిలో దాటించిన ఏరు ఇదే. అవతలి ఒడ్డుకు మనుషులు, ఒక మేకల మంద, సైకిలు నడిపించుకుంటూ ఒకతను, అందరూ ఇసుక మీదే దాటి పోతున్నారు.

ఊరికి ఎగువన ఒకామె ఇసుకలో తోడిన చెలమ దగ్గర కూర్చుని ఉంది. చిప్పతో తోడి తోడి బిందెలో పోస్తోంది. సగం బిందె అయ్యేసరికి చెలమ ఖాళీ అయింది. చిప్ప ఒళ్లో పెట్టుకుని, ఊట వచ్చేదాకా ఆగింది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది. నేను ఆ పక్కన కూర్చున్నాను. గుంత అడుగున ఇసుక ముందు నల్లబడింది, తర్వాత మెరిసింది, ఆ తర్వాత అరచేతి అంత నీళ్లు సన్నగా ఊరాయి. ఆమె చిప్ప ముంచబోయి, ఇంకా చాలదన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.